ప్రభుత్వ సెలవు దినాలు - ప్రాంతీయ భేదాలు : కాలనిర్ణయ శాస్త్ర దృష్టితో ఒక పరిశీలన

భారతదేశంలో ఏటా ప్రభుత్వాలు ప్రకటించే సెలవు దినాల పట్టికలను పక్కపక్కన ఉంచి చూచినప్పుడు ఒక విశేషం స్పష్టమవుతుంది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 అనే మూడు జాతీయ దినాలు అన్ని పట్టికలలోను నిరపవాదంగా కనిపిస్తాయి. తక్కిన సెలవులలో అధికభాగం రాష్ట్రాన్ని బట్టి మారుతూ ఉంటుంది. కొన్ని సందర్భాలలో పండుగ ఒక్కటే అయినా తేదీ వేరు. మరికొన్ని సందర్భాలలో తేదీ ఒక్కటే అయినా పండుగ పేరు, ప్రయోజనం వేరు. ఈ భేదాన్ని కేవలం పరిపాలనా సౌలభ్యంగానో, రాజకీయ నిర్ణయంగానో భావించడం పరిపాటి. కాని ఇందులో అధికభాగానికి మూలం కాలగణన పద్ధతులలోను, ధర్మశాస్త్ర నిబంధాలు చేసిన తిథినిర్ణయంలోను ఉన్నది. ఆ మూలాలను వివరించి, సెలవుల భేదాలను హేతుబద్ధంగా వర్గీకరించడం ఈ వ్యాసం లక్ష్యం.

1. పదవిచారం - ప్రాచీన సంప్రదాయం

తెలుగులో 'సెలవు' శబ్దానికి ప్రధానార్థం అనుజ్ఞ. 'సెలవిచ్చుట', 'సెలవు తీసుకొనుట' అనే ప్రయోగాలలో ఆ అర్థమే నిలిచి ఉన్నది. పెద్దలు మాటలాడుటను 'సెలవిచ్చుట' అనడం కూడా ఆజ్ఞార్థం నుండి వచ్చినదే. పని మానుటకు లభించిన అనుజ్ఞ క్రమంగా పని లేని దినానికి పేరైనది. కనుక సెలవు అనే భావంలోనే ఇచ్చేవాడు, పుచ్చుకొనేవాడు అనే సంబంధం ఇమిడి ఉన్నది. 'పర్వం' శబ్దం ఇందుకు భిన్నమైనది. వెదురు కణుపునకు, చెరకు కణుపునకు వాడే ఈ మాట కాలప్రవాహంలోని సంధిస్థానాలైన పూర్ణిమా అమావాస్యలకు అన్వయించినది. పర్వం ఒకరు ఇచ్చేది కాదు. చంద్రుని గతిని బట్టి ఏర్పడేది. నేటి సెలవుల చర్చలో కనిపించే చిక్కులకు ఈ రెండు భావాల సంఘర్షణే బీజమని చెప్పవచ్చును. పర్వాన్ని నిర్ణయించేది ఆకాశం. సెలవును ప్రకటించేది ప్రభుత్వం.

విద్యారంగంలో ప్రాచీనులు పాటించిన విరామానికి 'అనధ్యాయం' అని పేరు. మనుస్మృతి చతుర్థాధ్యాయంలో అనధ్యాయ ప్రకరణం విస్తృతంగా ఉన్నది. అమావాస్య, పూర్ణిమ, అష్టమి, చతుర్దశి తిథులలో వేదాధ్యయనం నిషిద్ధమైనది. సంప్రదాయంలో ప్రతిపత్తు కూడా ఇందులో చేరినది. ఇవి నిత్యానధ్యాయాలు కాగా, పిడుగుపాటు, గాలివాన, గ్రహణం వంటివి నైమిత్తికాలు. ఈ వ్యవస్థలో వారానికి ప్రాధాన్యం లేదు, తిథికే ప్రాధాన్యం. ఆదివారం విరామదినంగా స్థిరపడినది ఆంగ్లేయ పాలనలోనే. హైదరాబాదు సంస్థానంలో శుక్రవారం వారపు సెలవుగా ఉండెడిది. 1948లో ఆ సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాతనే అక్కడ కూడా ఆదివారం స్థిరపడినది. ఆ విధంగా తెలుగువారిలోనే రెండు ప్రాంతాల వారికి రెండు వారపు సెలవులు ఒకే కాలంలో ఉండినవి.

2. చట్టపరమైన ఆధారం

సాధారణంగా వాడుకలో ఉన్న 'ప్రభుత్వ సెలవు' అనే మాటకు చట్టంలో మూలం 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 25వ సెక్షన్. ప్రామిసరీ నోటు, హుండీ వంటి పత్రాల గడువు సెలవునాడు తీరినట్లయితే, దానికి ముందున్న పనిదినం నాడే చెల్లింపు జరగవలెనని ఆ సెక్షన్ చెప్పుచున్నది. సెలవు అంటే ఏమిటో నిర్వచించవలసిన అవసరం అక్కడ కలిగినది. చట్టపు తొలిరూపంలో ఆదివారాలతో పాటు ఆంగ్ల సంవత్సరాది, క్రిస్మస్, గుడ్ ఫ్రైడేలు మాత్రమే పేర్కొనబడి, తక్కిన దినాలు ప్రభుత్వ ప్రకటనకు విడువబడినవి. అనగా దేశీయ పండుగలన్నీ మొదటినుండి ప్రకటనపై ఆధారపడినవే. 1957 జూన్ 8 నాటి ప్రకటన ద్వారా కేంద్ర హోం మంత్రిత్వశాఖ ఈ అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు అప్పగించినది. నేటికీ రాష్ట్రాల ఉత్తర్వులలో ఆ ప్రకటన ప్రస్తావన కనిపిస్తుంది. బ్యాంకు సెలవులు రాష్ట్రానికొక తీరుగా ఉండుటకు ఇదియే కారణం.

కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల విషయంలో వేరొక ఏర్పాటు ఉన్నది. పదునాలుగు దినాలు దేశమంతటా తప్పనిసరి సెలవులు. వీనిలో మూడు జాతీయ దినాలతో పాటు విజయదశమి, దీపావళి, బుద్ధపూర్ణిమ, మహావీర జయంతి, గురునానక్ జయంతి, గుడ్ ఫ్రైడే, క్రిస్మస్, రంజాన్, బక్రీద్, మొహర్రం, మిలాద్ ఉన్ నబీ ఉన్నవి. ఇవి గాక పన్నెండు సందర్భాల పట్టిక నుండి మూడింటిని ప్రాంతాన్ని బట్టి ఎన్నుకొనవచ్చును. ఢిల్లీకి వెలుపల ఉన్న కార్యాలయాల కొరకు ఆయా రాష్ట్ర రాజధానులలోని ఉద్యోగుల సంక్షేమ సమన్వయ సంఘాలు ఈ ఎన్నిక చేస్తవి. హోళీ, శ్రీరామనవమి, శివరాత్రి, వినాయక చవితి, సంక్రాంతి, రథయాత్ర, ఓణం, పొంగల్ మొదలైనవి ఆ పట్టికలోనివి. ఇందులో చివరి అంశం గమనార్హం. విషు, వైశాఖి, ఉగాది, గుడి పడ్వా, చేటీచంద్, నౌరోజ్, ఛఠ్ వంటి అనేక దినాలను ఒకే అంశం కింద చేర్చి, వీనిలో ఏదో ఒకటి అన్నారు. తెలుగువారికి సంవత్సరాది అయిన ఉగాది కేంద్రం దృష్టిలో ఒక వికల్పంలోని ఉపవికల్పం మాత్రమే.

3. కాలమాన భేదాలు

సెలవుల భేదానికి కాలమానమే మొదటి హేతువు. ఇందులో అమాంత, పూర్ణిమాంత భేదాన్ని ముందుగా పరిశీలించుట ఉచితం. తెలుగు, కన్నడ, మహారాష్ట్ర, గుర్జర ప్రాంతాలలో మాసం అమావాస్యతో ముగుస్తుంది. ఉత్తర భారతంలో పూర్ణిమతో ముగుస్తుంది. దీనివల్లనే పండుగల తేదీలు మారునని పలువురు భావిస్తారు. అది సరికాదు. భేదం కృష్ణపక్షానికి పెట్టే మాసనామంలోనే గాని దినంలో కాదు. తెలుగువారు మాఘ బహుళ చతుర్దశి నాడు చేసే శివరాత్రిని ఉత్తరాదివారు ఫాల్గుణ కృష్ణ చతుర్దశి అందురు. దినం మాత్రం ఒక్కటే. శ్రావణ బహుళాష్టమి, భాద్రపద కృష్ణాష్టమి అనే నామభేదం కూడా ఇట్టిదే. శుక్లపక్షంలో మాసనామం కూడా ఉభయులకు సమానం. కనుక అమాంత పూర్ణిమాంత భేదం సెలవుల భేదానికి హేతువు కాజాలదు.

నిజమైన భేదం చాంద్ర సౌరమానాల మధ్య ఉన్నది. చాంద్రమానాన్ని అనుసరించే తెలుగు, కన్నడ, మహారాష్ట్రులకు చైత్ర శుక్ల ప్రతిపత్తు సంవత్సరాది. సౌరమానాన్ని అనుసరించే తమిళ, కేరళ, వంగ, ఉత్కళ, అస్సాం, పంజాబు ప్రాంతాలకు మేష సంక్రమణం ప్రధానం. అధికమాసం చాంద్రమానంలోనే వచ్చును గనుక, సుమారు 32 లేదా 33 నెలలకొకసారి ఈ రెండు మానాల పండుగల మధ్య అంతరం మారుచుండును. ఓణం సింహమాసంలో శ్రవణ నక్షత్రంపై ఆధారపడినది. తిథితో దానికి పని లేదు. శ్రీకృష్ణ జయంతిని కేరళలో సింహమాసపు అష్టమీ రోహిణీయోగాన్ని బట్టి పాటింతురు గనుక, కొన్ని సంవత్సరాలలో అది తక్కిన దేశపు కృష్ణాష్టమితో కలియదు.

సౌరమానాన్ని పాటించే ప్రాంతాల మధ్య కూడా ఐకమత్యం లేదు. సంక్రమణం జరిగిన ఘడియను బట్టి మాసపు మొదటి దినాన్ని నిర్ణయించే నియమాలు నాలుగు విధాలుగా ఉన్నవి. ఉత్కళంలో సంక్రమణం జరిగిన దినమే మాసారంభం. తమిళ సంప్రదాయంలో సంక్రమణం సూర్యాస్తమయానికి ముందు జరిగినట్లయితే ఆ దినమే, తరువాత జరిగినట్లయితే మరుసటి దినం. కేరళలో సూర్యాస్తమయానికి బదులు పగటిలో అయిదింట మూడు వంతుల కాలాన్ని అవధిగా తీసికొందురు. వంగదేశంలో అర్ధరాత్రికి ముందు సంక్రమణం జరిగినట్లయితే మరుసటి దినం, అర్ధరాత్రి తరువాత జరిగినట్లయితే మూడవ దినం. ఒడిశాలో పణా సంక్రాంతి జరిగిన తరువాతనే పశ్చిమ వంగంలో పహిలా వైశాఖం వచ్చుటకు కారణం ఈ నియమభేదమే. సూర్యుడు మేషంలో ప్రవేశించిన క్షణం ఉభయులకు ఒక్కటే. దానిని దినంగా మార్చే విధానమే వేరు.

వంగదేశంలో ఈ సౌరపంచాంగం మతేతర సెలవును కూడా శాసించినది. రవీంద్రనాథ టాగూరు 1861 మే 7న జన్మించెను. కాని పశ్చిమ వంగంలో ఆయన జయంతి సెలవు వంగపంచాంగపు వైశాఖం 25వ దినాన్ని అనుసరించును. అది సాధారణంగా మే 9న వచ్చును. ఆధునిక కవి జన్మదినాన్ని సైతం దేశీయ కాలమానంతో లెక్కించుట ఆ ప్రాంతపు ఆత్మగౌరవానికి నిదర్శనం.

చాంద్ర, సౌరమానాలు రెండింటికీ వెలుపల ఉన్నది హిజ్రీ పంచాంగం. ఇది నెలవంక దర్శనంపై ఆధారపడినది గనుక ముందుగా ముద్రించిన తేదీ కేవలం సంభావ్యమైనది. 2024లో కేరళలో ఈదుల్ ఫితర్ ఏప్రిల్ 10న జరుగగా, దేశంలో అధికభాగం ఏప్రిల్ 11న జరుపుకొన్నది.

4. తిథినిర్ణయ భేదం : 2024 దీపావళి

ఒకే కాలమానాన్ని పాటించే వారి మధ్య కూడా తేదీలు వేరగుటకు తిథినిర్ణయం కారణం. తిథి పరిమాణం స్థిరం కాదు. అది సుమారు 20 గంటల నుండి దాదాపు 27 గంటల వరకు మారును. అందువలన తిథి తరచుగా రెండు దినాలలో వ్యాపించును. అట్టి సమయంలో ఏ దినాన్ని గ్రహింపవలెనో చెప్పుటకే మాధవాచార్యుని కాలనిర్ణయం, కమలాకరభట్టు 1612లో రచించిన నిర్ణయసింధువు, కాశీనాథోపాధ్యాయుడు 1790లో రచించిన ధర్మసింధువు వంటి నిబంధాలు వెలసినవి. వీనిలోని మూలసూత్రం కర్మకాలవ్యాప్తి. ఏ కర్మకు ఏ కాలం విహితమో ఆ కాలంలో తిథి ఉండవలెను. ఉగాదికి సూర్యోదయం, శ్రీరామనవమికి, వినాయక చవితికి మధ్యాహ్నం, విజయదశమికి అపరాహ్ణం, దీపావళికి ప్రదోషం, శివరాత్రికి నిశీథం ప్రధానం. తిథి రెండు దినాలలోను కర్మకాలాన్ని స్పృశించినప్పుడు, లేదా ఏ దినంలోను స్పృశించనప్పుడు వివాదం ఏర్పడును.

2024 దీపావళి ఇందుకు చక్కని ఉదాహరణ. దృగ్గణితం ప్రకారం ఆశ్వయుజ అమావాస్య అక్టోబరు 31 సాయంత్రం 3 గంటల 52 నిమిషాలకు ఆరంభమై, నవంబరు 1 సాయంత్రం 6 గంటల 16 నిమిషాల వరకు ఉన్నది. మొదటి దినం ప్రదోషం, అర్ధరాత్రి పూర్తిగా అమావాస్యలోనే ఉన్నవి. రెండవ దినం సూర్యాస్తమయం తరువాత కొద్దికాలం మాత్రమే అమావాస్య మిగిలినది. సూర్యోదయం నుండి ఉండి, అస్తమయం తరువాత ఒక ఘటికకు మించి, అనగా 24 నిమిషాలకు మించి అమావాస్య ఉన్నట్లయితే రెండవ దినమే గ్రాహ్యమని, అందులో సందేహం లేదని ధర్మసింధువు అభిప్రాయం. హైదరాబాదులో ఆనాడు సూర్యాస్తమయం సుమారు 5 గంటల 45 నిమిషాలకు. అస్తమయం తరువాత అమావాస్య అరగంటకు పైగా ఉన్నది. ముంబాయిలో సూర్యాస్తమయం సుమారు 6 గంటల 5 నిమిషాలకు గనుక, అక్కడ మిగిలినది పది పన్నెండు నిమిషాలు మాత్రమే.

ఘటికా నియమాన్ని యథాతథంగా అన్వయించినట్లయితే హైదరాబాదుకు నవంబరు 1, ముంబాయికి అక్టోబరు 31 రావలెను. జరిగినది దీనికి విపరీతం. కేంద్ర ప్రభుత్వంతో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు అక్టోబరు 31ని సెలవుగా పాటించగా, మహారాష్ట్ర ప్రభుత్వం లక్ష్మీపూజ సెలవును నవంబరు 1న ప్రకటించినది. ఇందుకు సమాధానం నియమాల బలాబలాలలో ఉన్నది. ఒక పక్షం వారు రాత్రివ్యాప్తి యొక్క ఆధిక్యాన్ని, అనగా ప్రదోష నిశీథాలు రెండూ అమావాస్యలో ఉండుటను ప్రమాణంగా గ్రహించిరి. రెండవ పక్షం వారు ఉభయదినాలలో ప్రదోషస్పర్శ ఉన్నప్పుడు పరదినమే గ్రాహ్యమనే సూత్రాన్ని, స్పర్శ అల్పమైనప్పటికిని, ప్రమాణంగా గ్రహించిరి. ఉభయపక్షాలకు శాస్త్రాధారం ఉన్నది. కనుక ఇట్టి సందర్భంలో ఒక ప్రాంతపు సెలవు 'ఒప్పు', మరొక ప్రాంతపు సెలవు 'తప్పు' అనుట శాస్త్రసమ్మతం కాదు.

దీనికి తోడు గణితభేదం కూడా ఉన్నది. పూర్వసిద్ధాంతులు బాణవృద్ధి, రసక్షయం అనే మేరకు, అనగా 5 ఘటికల వృద్ధి, 6 ఘటికల క్షయం వరకు, తిథిలో హెచ్చుతగ్గులను అంగీకరింతురు. దృక్సిద్ధాంతులు సప్తవృద్ధి, దశక్షయం అందురు. ఈ అంతరం వల్ల సంధిసమయాలలో రెండు పంచాంగాలు రెండు దినాలను సూచించుట అనివార్యం. ప్రభుత్వం ఏ పంచాంగాన్ని ఆశ్రయించినదో ఉత్తర్వులో చెప్పదు గనుక, భేదం వచ్చినప్పుడు సామాన్యునికి కారణం తెలియదు.

5. ప్రాంతీయ స్మృతి

మూడవ హేతువు చరిత్ర. కర్ణాటకలో నవంబరు 1, మహారాష్ట్రలో మే 1, ఒడిశాలో ఏప్రిల్ 1 రాష్ట్రావతరణ దినాలుగా సెలవులు. వీనికి పంచాంగంతో సంబంధం లేదు. తెలుగు రాష్ట్రాలలో ఈ చారిత్రక ప్రభావం పండుగల ఎన్నికలో కనిపించును. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన తరువాత బోనాలు, బతుకమ్మ రాష్ట్ర పండుగలైనవి. భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై ఆశ్వయుజ శుక్లాష్టమి నాటి సద్దుల బతుకమ్మతో ముగిసే ఈ పండుగలో, తెలంగాణ పట్టిక ప్రారంభదినాన్ని సెలవుగా గ్రహించినది. ఆషాఢమాసంలో గోలకొండలో మొదలయ్యే బోనాలకు సోమవారం నాడు సెలవు ఇచ్చుట ఆచారమైనది. ఆంధ్రప్రదేశ్ పట్టికలో భోగి, సంక్రాంతులతో పాటు కనుమ కూడా సాధారణ సెలవు. తెలంగాణలో కనుమ ఐచ్ఛిక సెలవు. రెండు రాష్ట్రాలకు పంచాంగం ఒక్కటే, ధర్మశాస్త్రం ఒక్కటే. భేదమంతా జనజీవనంలో ఏ దినానికి ఎంత బరువు ఉన్నదనే విషయంలోనే.

తెలుగు ప్రాంతానికి వెలుపల ఉగాదికి లభించిన స్థానం ఈ సందర్భంలో పేర్కొనదగినది. తమిళనాడు ప్రభుత్వపు పట్టికలో తెలుగు సంవత్సరాది సెలవు దినం. మారిషస్ దేశంలో కూడా ఉగాది ప్రభుత్వ సెలవు. సౌరమానాన్ని అనుసరించే రాష్ట్రం చాంద్రమాన సంవత్సరాదిని గుర్తించుట, సముద్రాంతర దేశం దానిని తన పట్టికలో నిలుపుట, సెలవు అనేది ఒక జనసముదాయపు ఉనికిని గుర్తించే సాధనమని తెలుపుచున్నవి.

6. ఏకీకరణ ప్రయత్నాలు

భేదాలను తొలగించవలెననే ప్రయత్నం స్వాతంత్ర్యానంతరం జరిగినది. 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం దేశంలో సుమారు 30 పంచాంగ పద్ధతులు ఉన్నట్లు గుర్తించి, 1955లో నివేదిక సమర్పించినది. దాని ఫలితంగా 1957 మార్చి 22న, శక 1879 చైత్రం 1 నాడు, జాతీయ పంచాంగం అమలులోకి వచ్చినది. 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశాన్ని కేంద్రంగా గ్రహించి లెక్కించే రాష్ట్రీయ పంచాంగం తెలుగులో కూడా వెలువడుచున్నది. ఆ రేఖ కాకినాడ సమీపం నుండి పోవుట తెలుగువారికి తెలిసినదే. అయినను, పౌరకాలగణనకు ఉపకరించిన ఈ సంస్కరణ పండుగల విషయంలో స్థానిక పంచాంగాలను తొలగించలేకపోయినది. కారణం స్పష్టం. గణితాన్ని ఏకీకరించవచ్చును గాని, ఆచారాన్ని గణితంతో ఏకీకరించలేము.

సెలవుల సంఖ్యను తగ్గించే ప్రయత్నాలు వేరు. 2017 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం మహనీయుల జయంతి, వర్ధంతులకు సంబంధించిన 15 సెలవులను రద్దు చేసినది. 1954 ఆగస్టు 2న పోర్చుగీసు పాలన నుండి విముక్తి పొందిన దాద్రా నగర్ హవేలీలో ఆ దినపు సెలవును నిలిపివేసినప్పుడు వచ్చిన వ్యాజ్యంలో, సెలవు పొందుట ఎవరికిని ప్రాథమిక హక్కు కాదని 2022 జనవరిలో బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పినది. 'సెలవు' శబ్దంలోని అనుజ్ఞార్థమే ఈ తీర్పులో మరల ప్రతిధ్వనించినది.

7. ఫలితాంశాలు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. సెలవుల భేదానికి కాలమానభేదం, తిథినిర్ణయభేదం, చారిత్రక స్మృతిభేదం అనే మూడు హేతువులు ఉన్నవి. అమాంత పూర్ణిమాంత భేదం హేతువు కాదు. మొదటి రెండు హేతువుల వల్ల కలిగే భేదం శాస్త్రీయం. మూడవది సామాజికం. వీనిని వేరుచేయక, అన్నింటిని ఒకే గాట కట్టుట వల్లనే ఏటేటా వివాదం పెరుగుచున్నది.

ఇందులో ప్రాచ్యకళాశాలల బాధ్యత కొంత ఉన్నది. తిథిని బట్టి అనధ్యాయం పాటించిన పాఠశాలల వారసులే నేడు ముద్రిత పట్టికను చూచి తిథిని తెలిసికొను స్థితికి వచ్చిరి. దీపావళి రెండు తేదీలలో వచ్చినప్పుడు కారణం అడిగిన విద్యార్థికి ధర్మసింధువు విప్పి చూపగల అధ్యాపకులు అరుదగుచున్నారు. కాలనిర్ణయ ప్రకరణాన్ని ధర్మశాస్త్ర పాఠ్యంలో ఒక సంవత్సరపు వాస్తవ పంచాంగంతో కలిపి బోధించినట్లయితే ఈ లోపం తీరును. ప్రభుత్వాలు కూడా వివాదాస్పదమైన తిథుల విషయంలో ఏ గణితాన్ని, ఏ నిర్ణయగ్రంథాన్ని ఆధారంగా గ్రహించినవో ఉత్తర్వులోనే ఒక వాక్యంలో పేర్కొనుట మేలు. సెలవును ప్రకటించు అధికారం ప్రభుత్వానిదే. ఆ దినం పర్వం ఎందుకైనదో చెప్పవలసిన బాధ్యత శాస్త్రజ్ఞులది. ఈ రెండును సమన్వయించినప్పుడు ప్రాంతాల మధ్య భేదం నిలిచినప్పటికిని వైరం మిగులదు.